శౌరయ్యకి బేడీలు వేసిన ఎండాకాలం

నిరుటి ఆగస్టు పదిహేనున ఆ ఊరి హైస్కూలు ఆవరణలో ఒక నల్లరాతి పలక ఆవిష్కరించారు. ఊరి నుంచి సైన్యానికి వెళ్లి పనిచేసిన వాళ్ల పేర్లన్నీ దానిమీద చెక్కించారు. మైకులో ఒక్కో పేరూ చదువుతుంటే ఒక్కొక్కరే వెళ్లి శాలువా కప్పించుకున్నారు. చనిపోయిన వాళ్ల తరఫున కొడుకులు వెళ్లారు. స్కూలు గేటు పక్కన, సైకిళ్లు పెట్టే చోట, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని శౌరయ్య నిలబడి ఉన్నాడు. డెబ్భై ఏడేళ్లు. చొక్కా జేబుకి రిబ్బను వెలిసిపోయిన పతకం. చదివిన ప్రతి పేరుకీ చప్పట్లు కొట్టాడు. పేర్లు అయిపోయాయి. పిల్లలకి బిస్కెట్లు పంచారు, ఆయన చేతిలోనూ ఒక పాకెట్ పెట్టారు. శౌరయ్య పతకం తీసి జేబులో వేసుకుని, ఊరికి ఎడంగా ఉండే పల్లెలోకి నడిచాడు.

“పేరుందా?” అంది గుమ్మంలో నిలబడిన భార్య అమలమ్మ.

“పలక చిన్నది. పట్టలేదంట.”

పలక ఆరడుగుల ఎత్తుంది. కింద సగం ఖాళీ.

కంకిపాడు నుంచి కాలవ గట్టు పట్టుకుని లోపలికి వెళితే వచ్చే ఊరది. పేరు రాయడం లేదు. ఇది ఆ ఒక్క ఊరి సంగతేలే అని మిగతా ఊళ్లు ఊపిరి పీల్చుకోకూడదని.

శౌరయ్య పేరు ఆ ఊళ్లో ఒంటరిగా ఎప్పుడూ పలకరు. ‘బేడీల శౌరయ్య’ అంటారు. ఆ మాట ఎంత పాతబడిపోయిందంటే ఇప్పుడది ఇంటిపేరు లాగా వినిపిస్తుంది. స్కూలు పిల్లలకి ఆయన ‘బేడీల తాత’. ఆటో నడిపే కుర్రాళ్ల ఫోన్లలో నంబరు ఆ పేరుతోనే ఉంటుంది. ఎందుకలా అంటారని అడిగితే పెద్దవాళ్లు చెప్పే జవాబు ఒక్కటే: “డెబ్భై ఒకటి యుద్ధం అప్పుడు మిలిటరీ నించి పారిపోయొచ్చాడు. పోలీసులొచ్చి బేడీలేసి తీసుకుపోయారు. మేం చూశాం.”

చూసిన మాట నిజమే. రోహిణి కార్తె ఎండలో, మునసబు గారింటి ముందు నుంచి బస్సు ఆగే చోటు దాకా, చేతులు ముందుకి కట్టి నడిపించారు. ఊరంతా అరుగుల మీదికొచ్చి చూసింది.

శౌరయ్య అందుకు ఎన్నడూ జవాబు చెప్పలేదు. సైన్యం వదిలి వచ్చేశాక పొలం పనికి వెళ్లాడు. పెన్షను రావడానికి సరిపడా సర్వీసు లేదు. సైన్యంలో నేర్చుకున్న ఒకే ఒక్క పని చేతిలో ఉండిపోయింది, గాయానికి కట్టు కట్టడం. కొడవలి తెగినా, గడ్డలు పగిలినా, ట్రాక్టరు కింద కాలు నలిగినా ముందు ఆయన దగ్గరికే పరిగెత్తేవాళ్లు. ఒంటిచేత్తో గుడ్డ చుట్టుకుంటూ పోయేవాడు. “అబ్బా, మెల్లగా బేడీల మావా” అని ఆ కట్టు కట్టించుకుంటూనే అనేవాళ్లు. ఆయన నవ్వేవాడు. ఆ నవ్వు వాళ్లకి ఒప్పుకోలులా కనపడేది.

ఆయన కూతురు హెలెన్ విజయవాడలో ఉంటుంది. క్రీస్తురాజపురంలో ఇల్లు, ఒక కోచింగ్ కాలేజీ ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్ ఉద్యోగం. కఠినమైన మనిషని పేరు. ఇంటికి వెళ్లిన పిల్ల చెప్పిన రోజుకి తిరిగి రాకపోతే గేటు దగ్గరే నిలబెడుతుంది. “అమ్మకి బాగాలేదు మేడం” అంటే, “కాగితం ఏదీ?” అంటుంది.

హెలెన్ చిన్నప్పటి నుంచీ రెండు కథలు వింటూ పెరిగింది. ఒకటి ఈ బేడీల కథ, తండ్రి ఊళ్లో. రెండోది చల్లపల్లి వైపు, అమలమ్మ పుట్టింటి వాళ్లు చెప్పుకునేది. అది సంతోషకరమైన కథ. ఏడో నెలలోనే పుట్టేసిన బిడ్డ. బతకదన్నారు. గుడికి తీసుకెళ్లడానికి గానీ ఫాదర్ గారిని పిలవడానికి గానీ వ్యవధి లేదు. ప్రాణం మీదికి వస్తే కతోలికుల్లో ఎవరైనా జ్ఞానస్నానం ఇవ్వొచ్చు. ఆసుపత్రి వరండాలో నర్సు చేతిలో గ్లాసు లాక్కుని తండ్రే బిడ్డ నెత్తిన నీళ్లు పోశాడు. పేరేం పెట్టాలో తోచక ఆ నర్సమ్మ పేరే పెట్టేశాడు. హెలెన్ ప్రతి పుట్టినరోజుకీ మేనమామ అంతోని ఈ కథ చెప్పాల్సిందే. “ఆ గ్లాసులో సగం హార్లిక్సు ఉందే, అందుకే ఇంత బలంగా ఉన్నావు” అని చివర్లో ఒక ముక్క కలుపుతాడు. అందరూ నవ్వుతారు.

సైన్యంలో ఉన్న మనిషి ఆ రోజు చల్లపల్లి ఆసుపత్రిలో ఎలా ఉన్నాడని హెలెన్ యాభై ఏళ్లు దాటినా అడగలేదు. సెలవు మీద వచ్చి ఉంటాడు అనుకుంది. అసలు అనుకోనే లేదేమో.

బేడీల కథ మాత్రం ఆమెని వదల్లేదు. పెళ్లి కుదిరినప్పుడు అబ్బాయి వాళ్లది ఏలూరు, మర్యాదస్తుల కుటుంబం. పెళ్లిరోజు గుడిలో పెళ్లికూతురి చెయ్యి పట్టుకుని పీఠం దాకా తండ్రి నడిపించాలి. జనం మధ్యలోంచి నడవాలి. ఎవడో ఒకడు ఆ మాట అనకుండా ఉండడు. పెళ్లికి రెండు రోజుల ముందు హెలెన్ తండ్రితో, “నాన్నా, అంతోని మావయ్య తీసుకొస్తాడులే నన్ను. ఆయనకి కోటుంది” అంది. శౌరయ్య, “సరేలే అమ్మా, కోటుంటే బాగుంటది” అన్నాడు. పెళ్లి జరిగినంతసేపూ గుడి బయట మంచినీళ్ల డ్రమ్ము దగ్గర గ్లాసులు కడిగి అందిస్తూ ఉన్నాడు.

ఆగస్టు పదిహేను తర్వాత ఆదివారం హెలెన్ ఊరికి వెళ్లినప్పుడు అమలమ్మ పలక సంగతి చెప్పింది. తండ్రి ఇస్త్రీ చొక్కా వేసుకు వెళ్లాడని కూడా చెప్పింది. ఆ ఇస్త్రీ చొక్కా మాట హెలెన్‌ని పట్టుకుంది. ఆయన నిజంగా పారిపోయినవాడే అయితే అలా ముస్తాబై వెళ్లి గేటు దగ్గర నిలబడతాడా? నిలబడితే, ఏ ధైర్యంతో నిలబడ్డాడు? తెలుసుకోవాలి. తెలిసింది మంచిదైతే పలక మీద పేరు ఎక్కించాలి, ఆయన కళ్లతో చూసేలా. ఈ మధ్య నాలుగడుగులు వేస్తే ఆయాసపడుతున్నాడు.

తండ్రికి చెప్పకుండా ఆయన చేత ఒక కాగితం మీద సంతకం చేయించుకుని, సర్వీసు రికార్డు నకలు ఇమ్మని లక్నో రికార్డు ఆఫీసుకి అర్జీ పెట్టింది. “ఆధార్‌ది నాన్నా” అని చెప్పింది. అబద్ధం. నకలు ఈ ఎండాకాలంలో వచ్చింది.

విప్పి చూస్తే ఏముంది, ఇంగ్లీషు పొడి అక్షరాలు. వరసగా తేదీలు, తేదీల పక్కన రెండక్షరాలు, మూడక్షరాలు, మధ్యలో చుక్కలు. ఒక్క పూర్తి మాట లేదు. ఎస్.ఓ.ఎస్. అని చాలాచోట్ల ఉంది. ఫోన్లో వెతికితే, అది ఆపదలో ఉన్నవాళ్లు సాయం కోసం పెట్టే కేక అని వచ్చింది. మా నాన్న ఇన్నిసార్లు కేకలు పెట్టాడా అని హెలెన్ హాస్టల్ వంటగది వెనక కూర్చుని ఏడ్చింది. తర్వాత ఓ.ఎస్.ఎల్. దగ్గర ఆగిపోయింది. దాని పక్కన ‘పోలీస్’ అన్న మాట మాత్రం అర్థమైంది. అది చూశాక కాగితాలు కవర్లో పెట్టేసి, పది రోజులు ముట్టుకోలేదు.

ఆ అక్షరాలు చదవగలిగిన మనిషి ఆమెకి తెలిసినంతలో ఒక్కడే. హవల్దారుగా రిటైరైన రామకోటేశ్వరరావు. అదే ఊరు, శౌరయ్య ఈడు, నాటి మునసబు గారి కొడుకు. ఇప్పుడు కంకిపాడులో మేడ కట్టుకుని ఉంటున్నాడు. మాజీ సైనికుల పెద్ద. పలక మీద పేర్లు ఎవరివి ఉండాలో తేల్చిందీ ఆయనే.

హెలెన్ మెట్లెక్కేసరికి ఆయన వరండాలో పేపరు చదువుతున్నాడు.

“ఏమ్మా హెలెనూ, బెజవాడ ఎండ చాల్లేదా, ఇటొచ్చావ్?”

“మీతో పనుండి వచ్చానండీ.”

“పలక గురించే అయితే చెప్పేస్తున్నా, చెక్కేవాడు ఆళ్లగడ్డ వెళ్లిపోయాడు. అయినా మీ అయ్య సంగతి ఊరందరికీ తెలిసిందే, నేను కొత్తగా దాచేదేముంది?”

“పలక గురించి కాదండీ. ఇవి కాస్త చదివిపెడతారని.”

కవరు చూడగానే ఆయన మొహం మారింది. కళ్లజోడు తుడుచుకుని పెట్టుకున్నాడు. “షీట్ రోలు! ఓసి నీ... ఎన్నాళ్లయింది ఇట్టాంటిది చూసి. రాజ్యం! ఇటు రా ఒకసారి. జాతకం చూద్దువుగాని.”

భార్య రాజ్యలక్ష్మి మజ్జిగ తెచ్చింది. ఆయనకి స్టీలు గ్లాసులో, హెలెన్‌కి పేపరు కప్పులో.

“జాతకం ఎవరిదండీ?” అంది రాజ్యలక్ష్మి.

“శౌరయ్యది. సైన్యం రాసిన జాతకం. నీ పంతులు రాసిందాంట్లో తప్పులుంటాయేమో గాని ఇందులో ఉండవ్.” కాగితం మీద వేలు పెట్టి మొదలుపెట్టాడు. చదువుతుంటే ఆయన గొంతుకి వయసు తగ్గింది. “చూడమ్మా, టి.ఓ.ఎస్. అంటే మనిషిని మా యూనిట్ లెక్కలో చేర్చుకున్నాం అని. ఎస్.ఓ.ఎస్. అంటే మా లెక్కలోంచి తీసేశాం అని.”

“అయ్యో, నేను సాయం కోసం కేకేమోనని...”

ఆయన గట్టిగా నవ్వాడు. “మంచి వార్డెనువేనమ్మా! కాదు కాదు. ఇక్కడ తీశాం అని వీళ్లు రాస్తే, అదే రోజు చేర్చుకున్నాం అని అవతలి వాళ్లు రాస్తారు. సైన్యంలో మనిషి ఎవరి లెక్కలోనూ లేకుండా ఒక్క పూట కూడా ఉండడు.”

పేజీ తిప్పాడు. అంబులెన్స్ పని నేర్చుకున్న చోటు, మొదటి పోస్టింగు, మొదటి సెలవు, రెండో సెలవు. ఒక్కొక్కటే విప్పి చెప్పుకుంటూ వచ్చాడు. తర్వాత వేలు ఆగింది.

“ఓ.ఎస్.ఎల్.” అన్నాడు.

“అంటే?”

“సెలవు అయిపోయాక కూడా ఉండిపోవడం.”

“పారిపోవడం కాదా?”

“దానికి వేరే మాట రాస్తారు. అది...” కాగితాలు వెనక్కీ ముందుకీ తిప్పాడు. “అది ఇందులో ఎక్కడా లేదు.”

“తేదీ ఎంతుందండీ?”

“మే పదమూడు నించి జూన్ మూడు. ఆ రోజు సివిల్ పోలీసులు పట్టి అప్పగించారు. డెబ్భై ఒకటి.”

“యుద్ధం ఎప్పుడు?”

ఆయన కళ్లజోడు తీసేశాడు. “డిసెంబరులో.”

డిసెంబరులో యుద్ధం. రోహిణి కార్తెలో బేడీలు. ఈ రెంటి మధ్యా ఎన్ని నెలలున్నాయో ఆ ఊళ్లో ఇన్నేళ్లలో ఒక్కరు వేళ్ల మీద లెక్కపెట్టలేదు. కూతురు కూడా.

రామకోటేశ్వరరావు మిగతాది గొంతు తగ్గించి చదివాడు. ఆర్.ఐ. అంటే కఠిన కారాగార శిక్ష, నెలకి కాస్త తక్కువ, సైన్యం కస్టడీలోనే. అది అవగానే మళ్లీ యూనిట్లో చేర్చుకున్నారు. వేసిన శిక్ష అనుభవించాడు, అక్కడితో సరి. డిసెంబరులో తూర్పు వైపు ఫీల్డ్ అంబులెన్స్. అంటే స్ట్రెచరు మోసే పని. అక్కడ జి.ఎస్.డబ్ల్యు. అని ఉంది.

“అదేంటండీ?”

“తుపాకి గుండు తగిలింది. ఎడమ తొడ. తర్వాత ఎం.హెచ్., మిలిటరీ ఆసుపత్రి.”

“ఆ మచ్చ మాకు తెలుసండీ. దున్నపోతు కుమ్మిందని చెప్పాడు.” హెలెన్ నవ్వబోయింది, రాలేదు. “మే ఇరవై రెండు నా పుట్టినరోజండీ.”

కింద రోడ్డు మీద మామిడికాయల బండివాడు అరుచుకుంటూ పోతున్నాడు. ముందుగా నోరు తెరిచింది రాజ్యలక్ష్మి.

“పెళ్లాం పురిట్లో ఉంటే ఓ నాలుగు రోజులు ఎక్కువుంటాడు, దానికి బేడీలా? మీరుండలా ఏమిటి, మీ చెల్లెలు పెళ్లికి?”

“రాజ్యం, నువ్వు లోపలికెళ్లు.”

“వెళ్తాలెండి. మీ కోసం కూడా పోలీసొచ్చాడుగా. మావగారు అరుగు మీద కూర్చోబెట్టి కాఫీ ఇప్పించారు. కొత్త కోడల్ని, నేనే కలిపి ఇచ్చా. పంచదార ఎక్కువైందన్నాడు కూడానూ.”

“నాకు సర్టిఫికెట్టుంది! సెలవు పొడిగించమని ఊరి మునసబు రాసి సంతకం పెడితే...” అని ఆయన మధ్యలో ఆపేశాడు.

“మా నాన్నకి ఆ సంతకం ఎందుకు లేదండీ?” అంది హెలెన్.

“నేనప్పుడు జబల్‌పూర్లో ఉన్నానమ్మా. నాకు తెలీదు.”

ఆ మాట నిజమే కావచ్చు. యాభై నాలుగేళ్లుగా తెలుసుకోవాలని అనిపించకపోవడం కూడా నిజమే. కాగితాలు మడతలు సరిచేసి కవర్లో పెట్టి ఇస్తూ, “మీ నాన్నగారికి ఒంట్లో ఎట్టా ఉంది?” అని అడిగాడు.

హెలెన్ అక్కడి నుంచి నేరుగా ఊరికి ఆటో ఎక్కింది. ఇంటికి వెళ్లేసరికి శౌరయ్య మంచం మీద కూర్చుని ఎవరిదో బొటనవేలికి కట్టు కడుతున్నాడు. “రెండు రోజులు బురదలో పెట్టమాకు. పెడితే నా దగ్గరికి రామాకు” అని ఆ మనిషిని పంపించి కూతుర్ని చూశాడు. “ఏంటి అమ్మాయ్, ఆదివారం కాదుగా?”

హెలెన్ కవరు మంచం మీద పెట్టింది. ఆయన విప్పకుండానే గుర్తుపట్టాడు. పైనున్న నంబరు ఆయనదే.

“ఆధార్‌కని సంతకం పెట్టించింది దీనికా?”

“ఎందుకు చెప్పలేదు నాన్నా?”

“ఏం చెప్పాలి? సెలవు దాటా. తప్పేగా. శిక్షేశారు, అనుభవించా.”

“సంతకం ఎందుకు దొరకలేదు?”

శౌరయ్య గోడవైపు చూశాడు. మునగాకు దూస్తున్న అమలమ్మ చేట పక్కన పెట్టింది.

“నువ్వు చెప్పవు, నేను చెప్తా” అంది. “నొప్పులు ఏడో నెల్లోనే, నువ్వు పుట్టడానికి పది రోజుల ముందే మొదలైనయ్. నేను చల్లపల్లిలో, మా అమ్మోళ్ల దగ్గరుండా. రక్తం ఆగలా. ఈయన సెలవు అయిపోయింది. తంతి ఇస్తే, మీ ఊరి మునసబు సంతకంతో కాగితం పంపు అన్నారంట. చల్లపల్లి మునసబుది పనికిరాదంట, ఈ ఊరిదే కావాలంట. నన్నూ నిన్నూ ఆసుపత్రిలో వదిలి ఈ ఊరొచ్చి అరుగు కింద నిలబడేవాడు. పొద్దున రమ్మంటే పొద్దున, రేపు రమ్మంటే రేపు. ‘మీ పల్లెలో కాన్పులు రోజూ ఉండేవేగా, దానిక్కూడా సంతకాలా’ అన్నాడంట ఆయన. ఆఖరుసారి వచ్చేసరికి అరుగు మీద మునసబు పక్కన పోలీసు కూచునున్నాడు.”

“పోనీలేవే” అన్నాడు శౌరయ్య.

“ఏం పోనీ? నన్ను ఒట్టేయించుకుని నోరు మూయించావ్. ఇంక నా వల్ల కాదు.”

“ఒట్టెందుకమ్మా?”

అమలమ్మ భర్త వైపు చూసింది. ఈసారి ఆయనే చెప్పాడు.

“మా చిన్నాయన కూతురు పుట్టిన నెల్లో వాళ్ల గేదె చచ్చిపోయింది. ఆ పిల్లకి పెళ్లయ్యిందాకా గేదెను తిన్నది అనే పిలిచారు. నువ్వు పుట్టిన రెండు వారాల్లోపే నాకు బేడీలు పడినయ్. సంగతి తెలిస్తే ఇంక నిన్ను ఊరుకుంటారా? పుట్టింది, తండ్రిని జైల్లో ఏయించింది అంటారు. రేపు పెళ్లికి అదే అడ్డం చెప్తారు. నన్నంటే అన్నారు. మగోణ్ణి, తుపాకి గుళ్ల మధ్యలో స్ట్రెచరు మోసినోణ్ణి, నాకేం?”

పెళ్లి మాట వినగానే హెలెన్ తల ఎత్తలేకపోయింది. ఎవరి పెళ్లికి అడ్డం రాకూడదని ఆయన ఆ పేరు మోశాడో, ఆ పెళ్లిలోనే ఆమె ఆయన్ని నీళ్ల డ్రమ్ము దగ్గర నిలబెట్టింది. హాస్టల్ గేటు దగ్గర తాను నిలబెట్టిన ఆడపిల్లల మొహాలు కూడా ఒకటొకటే గుర్తొచ్చాయి. కాగితం ఏదీ, కాగితం ఏదీ.

“నాన్నా, ఆ రోజు గుళ్లో నేను...”

“మీ మావయ్య కోటు బాగుందిలే ఆ రోజు. నా తెల్లచొక్కాకి ఏం బాగుంటది?”

“ఏడిపించమాకయ్యా దాన్ని.”

“నేనేడిపించానా? కోటు బాగుందన్నా, అంతేగా.”

హెలెన్ ఏడుస్తూనే ఉంది. క్షమించమని అడగడానికి కూడా ఆమెకి మొహం చెల్లలేదు. చాలాసేపటికి, “పలక మీద పేరు రాయిస్తా నాన్నా” అంది.

“ఎందుకే ఇప్పుడు?” అన్నాడు. కవరు మీదకి వంగాడు. “ఒకేళ రాస్తే మాత్రం నంబరు తప్పు లేకుండా రాయమను.” సైన్యంలో తనకిచ్చిన నంబరు, మొదటి అంకె నుంచి చివరి అంకె దాకా, పిల్లాడు ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పాడు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నిటారుగా కూర్చుని చెప్పాడు.

ఇంతా రాసింది శౌరయ్య వీరుడని చెప్పడానికి కాదు. ఆయన సెలవు దాటాడు, అది తప్పేనని తనే అంటాడు. అదే తప్పు అదే ఊళ్లో ఇద్దరు చేశారు. ఒకరికి చెల్లెలి పెళ్లి, ఒకరికి భార్య ప్రాణం. ఒకరి ఇంటికి వచ్చిన పోలీసుకి కాఫీ, ఇంకొకరి చేతికి బేడీలు. ఒకరి పేరు పలక మీద మొదటి వరసలో ఉంది. సైన్యం శౌరయ్యకి వేసిన శిక్ష నెల తిరక్కుండా అయిపోయింది. ఊరు వేసింది ఇంకా నడుస్తోంది. సైన్యం ఒక్క పూట కూడా ఏ లెక్కలోనూ లేకుండా ఉంచని మనిషిని ఊరు ఇన్నేళ్లు ఏ లెక్కలోనూ చేర్చుకోలేదు.

వారం తర్వాత రామకోటేశ్వరరావు పలక కమిటీని పిలిచి, శౌరయ్య పేరు చేర్చాలని అడిగాడు. ఆ మాత్రం చేశాడు. “శిక్షపడ్డ వాళ్ల పేర్లు ఎక్కిస్తే పిల్లలకి ఏం నేర్పుతామండీ?” అన్నారు కమిటీలో ఒకరు. మరొకరు, “ఇన్నాళ్లకి ఇప్పుడెందుకు కెలకడం?” అన్నారు. ఆ పని నేనూ చేశాను, నా పేరు మాత్రం ఎందుకుంది అని రామకోటేశ్వరరావు అడగొచ్చు, అడగలేదు. అడిగితే అక్కడితో తేలిపోయేది. ఆ రోజు చీకటిపడే వేళ ఆయన హెలెన్‌కి ఫోను చేసి కమిటీలో జరిగిందంతా చెప్పాడు. “అదొక్కటీ నోట్లోంచి రాలేదమ్మా. నాలిక దాకా వచ్చింది” అన్నాడు. తండ్రి చెయ్యి పట్టుకుని గుళ్లోకి నడవడానికి తనకి రాని ధైర్యం ఇంకొకరికి ఎందుకు రాలేదని అడిగే అర్హత లేదనుకుంది హెలెన్.

విషయం గ్రామసభకి వాయిదా పడింది. ఆగస్టు పదిహేనుకి ముందే సభ. శౌరయ్య ఇప్పుడు కూతురింట్లో ఉన్నాడు, ఆయాసానికి విజయవాడలో మందులు వాడుతున్నారు. తెల్లచొక్కా మాత్రం వెంట తెచ్చుకున్నాడని అమలమ్మ చెప్పింది.

రామకోటేశ్వరరావు గారూ, నాలిక దాకా వచ్చిన ఆ మాటని సభలో బయటికి అనండి. మీ పేరు పోదు, నిలుస్తుంది. ఆ ఊరివాళ్లారా, ఆ ఒక్క రోజు పనులు మానుకుని సభకి రండి, పేరు అడిగినప్పుడు చేతులెత్తండి. మిగతా ఊళ్ల వాళ్లు మీ స్కూలు దగ్గరో పంచాయతీ ఆఫీసు దగ్గరో ఇలాంటి పలక ఉంటే ఒకసారి చదవండి. చదివాక అలాగే పల్లెలోకి నడిచి, ఇక్కడి నుంచి సైన్యానికి ఎవరెళ్లారని అడగండి. పలక మీద లేని పేరు దొరికితే వాళ్ల చేత రికార్డు ఆఫీసుకి అర్జీ పెట్టించండి. ఆ పొడి అక్షరాలు చదవడం వచ్చిన పాత సైనికులు ఒక సాయంత్రం వాళ్లింటికే వెళ్లి, వాళ్ల మంచం మీద కూర్చుని చదివిపెట్టండి.

ఇదంతా చెయ్యలేని వాళ్లు కూడా ఒక పని చెయ్యగలరు. ఆయన పేరు ముందు పెట్టి పిలిచే ఆ మాటని ఈరోజు నుంచే మానెయ్యండి. మీ ఊళ్లోనూ ఎవరి పేరు ముందో అలాంటిది ఒకటి ఉండే ఉంటుంది, దాన్నీ మానెయ్యండి. అందుకు గ్రామసభ పెట్టక్కర్లేదు.